ఉప్పు చూడని చేతిలో

నేను ఒక చిల్లుల గరిటెను. నూనెలోంచి గారెల్నీ బజ్జీల్నీ పకోడీల్నీ పైకి తీసే ఇనప గరిటెను. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. మూకుడు చుయ్యిమంటుంది, పొయ్యి బుస్సుమంటుంది, తినేవాళ్ళు ఆహా అంటారు. నేను మాత్రం వచ్చి, మునిగి, తీసి, పక్కకు పోతాను. మాట్లాడనివాళ్ళకు చూడటం ఎక్కువ అలవాటవుతుంది. చూడటం ఎక్కువైతే అనుమానం పుడుతుంది. ఒంటినిండా చిల్లులు కాబట్టి నాలో ఏదీ నిలవదు. నూనె జారిపోతుంది, పొడి రాలిపోతుంది. ఎందుకో గానీ అనుమానం ఒక్కటి నిలిచిపోయింది.

అది నా తప్పు కాదు. పుడుతూనే విన్నాను. ముక్కామల దగ్గర ఒక కమ్మరి, పాత ఎడ్లబండి చక్రానికి వేసిన ఇనప పట్టా కోసి నన్ను చేస్తున్నాడు. చేయించుకుంటున్న రాఘవమ్మ గారు కొలిమి పక్కనే నిలబడి కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"ఇనుము మంచిదేనా? ఏదో పాత రేకు అంటగడుతున్నావా?"

"మీ కళ్ళముందే కోశాను కదండీ అమ్మగారూ, ఇంకేం అంటగడతానండీ?"

"కళ్ళముందు చేసేదే నమ్మకూడదు."

నా చెవిన పడ్డ మొదటి నీతి అది. అప్పటికి నాకు ఇంకా సగం చిల్లులే పడ్డాయి.

రాఘవమ్మ గారి ఇంట్లో చినుకు పడితే చాలు, మూకుడు పొయ్యెక్కేది. ఉల్లిపాయ పకోడీ వాసనకు అరుగు మీద పేపరు చదువుకునే ఆమె భర్త ఒక్కో పేజీ తిప్పుతూ ఒక్కో అడుగు లోపలికి జరిగేవాడు. పేపరు అయిపోయేసరికి వంటింటి గడప దగ్గర ఉండేవాడు. ఆదివారం పూట చేగోడీలు, జంతికలు, చెక్కలు వారానికి సరిపడా వేసేది. చల్లారాక పెద్ద డబ్బాలో పోసి అటక మీద పెట్టేది. కానీ బుధవారానికే డబ్బా సగమయ్యేది.

ఆమె కోడలిని అనుమానించింది. కోడలు ఆడపడుచును అనుమానించింది. భర్త మాత్రం పిల్లిని అనుమానించాడు. పిల్లి డబ్బా మూత తీసి, తిని, మళ్ళీ మూత పెడుతుందా అని ఎవరూ అడగలేదు. నేను గోడకు వేలాడుతూ అంతా చూస్తున్నాను. రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఒక మనిషి స్టూలెక్కి డబ్బా దించి, నాలుగు చేగోడీలు నోట్లో వేసుకుని, "మెత్తబడ్డాయేమో చూద్దాం" అని తనలో తను అనుకుని, మళ్ళీ పైన పెట్టేది. ఆ మనిషి రాఘవమ్మ గారే. అబద్ధమాడుతున్నానని ఆమెకూ తెలీదు. నిజంగానే మెత్తబడ్డాయేమో అని చూస్తున్నాననుకునేది. మనుషులు ఎదుటివాళ్ళను అనుమానించినంత బాగా తమను తాము అనుమానించుకోలేరని నాకు అప్పుడే తెలిసింది.

ఒక తీర్థంలో బజ్జీల బండి పెట్టుకున్న పోలయ్య, తన గరిటె కాడ విరిగిపోయిందని నన్ను ఒక్క పూటకు అడిగి పట్టుకెళ్ళాడు. గరిటెను అరువిచ్చినవాళ్ళకు అది తిరిగి రావడం నేను ఎక్కడా చూడలేదు. నేనూ తిరిగి వెళ్ళలేదు. ఆ తర్వాత మూడేళ్ళు బస్టాండు ఎదురుగా బండి మీదే ఉన్నాను.

ఇంట్లో తినేవాళ్ళు డబ్బాను అనుమానిస్తే, బయట తినేవాళ్ళు నూనెను అనుమానిస్తారు. "ఈ నూనె ఎప్పటిది పోలయ్యా?" అని అడగని మనిషి లేడు. అడిగి, సమాధానం వినకుండానే రెండో ప్లేటు చెప్పేవాడు. మిరపకాయ బజ్జీ మధ్యలో చీల్చి, వాము పొడి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం పెట్టించుకుని, కళ్ళు మూసుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ మళ్ళీ అదే అనుమానం. "బయటి తిండి మంచిది కాదురా." మర్నాడు అదే వేళకు అదే మనిషి అక్కడే నిలబడేవాడు.

పోలయ్యకు మోకాళ్ళు పట్టేసి బండి మానేసినప్పుడు, ఊళ్ళో ఉన్నప్పుడల్లా వచ్చి అతనితో కబుర్లు చెప్పే అబ్బులు నన్ను తీసుకున్నాడు. అసలు నేను చెప్పాలనుకున్నది ఈ అబ్బులు గురించే.

అబ్బులు కాశీ యాత్రల బస్సులో వంటవాడు. మా గోదావరి వైపు నుంచి కాశీకి వెళ్ళే బస్సుల్లో ముందు దేవుడి పటాలుంటాయి, వెనక వంట సామాను ఉంటుంది. ఊరు మారినా భాష మారినా తిండి మారకూడదని మనవాళ్ళ పట్టు. ఒడిశాలో చెట్టు కింద పులిహోర తినాలి, బీహారులో పెట్రోలు బంకు పక్కన గారెలు తినాలి. అందుకని వంటవాడు లేకుండా ఆ బస్సు కదలదు.

అబ్బులుకు యాభై దాటాయి. పొట్టి మనిషి, తలకు ఎప్పుడూ తుండుగుడ్డ. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అద్దెకున్న గది కూడా వదిలేసి, యాత్రకూ యాత్రకూ మధ్య బస్సు షెడ్డులోనే పడుకునేవాడు. ఆ ఉద్యోగం పోతే అతనికి వెళ్ళడానికి చోటంటూ లేదు.

పనితనం మాత్రం గొప్పది. జారుగా కలిపిన శనగపిండిలో వేలు ముంచి నూనెలో ఒక్క చుక్క విదిల్చి, చెవి వంచి ఆ చప్పుడు వినేవాడు. వాసన చూసేవాడు. అంతే. రుచి చూసేవాడు కాదు.

నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. ఏ వంట మనిషైనా మొదటి వాయిలోంచి ఒకటి తుంచి నోట్లో వేసుకుంటారు. రాఘవమ్మ గారు మూడు వేసుకునేది. పోలయ్య ఊదుకుంటూ ఒకటి తినేవాడు. అబ్బులు మాత్రం వాయి దించగానే బస్సులో వాళ్ళల్లో ఒక ముసలావిడను పిలిచేవాడు. "మామ్మగారండీ, కాస్త ఉప్పు చూసి పెడతారా?" రెండు యాత్రల్లోనూ అంతే. తను తిననిది ముసలివాళ్ళకు పెట్టి చూస్తున్నాడంటే ఏమనుకోవాలి? అందరూ తిన్నాక మూత పెట్టిన గిన్నె ఒకటి పట్టుకుని బస్సు వెనక్కి వెళ్ళేవాడు. ఆ గిన్నెలో ఏముంటుందో నేనున్న చోటికి కనిపించేది కాదు. మనకొక వంట, తనకొక వంట అని నేను గట్టిగా అనుకున్నాను.

మూడో యాత్రలో నాలాంటి మనిషి ఒకాయన బస్సెక్కాడు. పేరు భీమశంకరం. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. చొక్కా జేబులో చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. మంచినీళ్ళ డబ్బాలోకి టార్చిలైటు వేసి చూసేవాడు. అన్నం మెతుకును వేళ్ళ మధ్య నలిపి వెలుతురుకు పట్టేవాడు. తినడానికి మాత్రం అందరికంటే ముందు కూర్చునేవాడు.

ఆ యాత్రలో ఉప్పు చూసే ముసలావిడ బాపనమ్మ గారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, ఒక్కతే వచ్చింది. బస్సు ఆగిన చోటల్లా దిగి, అడగకపోయినా కత్తిపీట ముందేసుకుని కూరలు తరిగేది.

పూరీలో రెండో రోజు సాయంత్రం పునుగులు వేస్తున్నాం. భీమశంకరం గారు ప్లేటు పట్టుకుని పొయ్యి దగ్గరకు వచ్చాడు.

"ఏమయ్యా అబ్బులూ, నువ్వు తినవేం?"

"తర్వాత తింటానండీ."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"మీరంతా అయ్యాకండి, ఆయ్."

"నిన్న పొద్దున్నా అదే చెప్పావు. నిన్న రాత్రీ అదే చెప్పావు." ఆయన పుస్తకం తీశాడు. "నా ముప్పై ఏళ్ళ సర్వీసులో హోటలుకు వెళ్తే ముందు వంటగది చూసేవాణ్ణి కాదు. వంటవాడు ఎక్కడ తింటున్నాడో చూసేవాణ్ణి. వాడు ఎదురు హోటల్లో తింటున్నాడంటే ఈ హోటలుకు తాళమే!"

అబ్బులు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకూ నచ్చలేదు.

ఆ మాట ముందు సీట్లో బయల్దేరింది. "వంటవాడు తినడట." బస్సు మధ్యకు వచ్చేసరికి, "నూనె మంచిది కాదట, అందుకే తినడట." చివరి సీటుకు చేరేసరికి, "పోయిన యాత్రలో మిగిలిన నూనెట." మర్నాడు గయ దగ్గర మామిడితోటలో బస్సు ఆపి గారెలు వేశాం. అల్లం, మిరియం, కరివేపాకు, పైన కరకర, లోపల దూది. తీసిన నాకు తెలుసు. సగం మంది ముట్టుకోలేదు. "ఆకలి లేదు" అన్నారు. ఆకలి లేనివాళ్ళు బస్సెక్కి సీట్ల కిందనుంచి సొంత డబ్బాలు లాగారు. శాలువాల కింద కరకరమని చప్పుళ్ళు. పక్క సీటువాళ్ళు అడుగుతారేమో అన్న అనుమానంతో ఒక్కో కారప్పూస పలుకే నములుతున్నారు.

గుట్టగా మిగిలిన గారెల పక్కన అబ్బులు నన్ను పట్టుకుని నిలబడిపోయాడు. బాపనమ్మ గారు ఒక్కతే వచ్చి నాలుగు గారెలు వేయించుకుంది.

"మామ్మగారూ, మీకు భయం లేదా?" అని కిటికీలోంచి ఎవరో అడిగారు.

"ఈ వయసులో నాకు అనుమానం అరగదమ్మా. గారె అరుగుతుంది."

ఆ సాయంత్రం యాత్ర మేనేజరు చిట్టిబాబు వచ్చి అబ్బులు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కుర్రతనం దాటీ దాటని మనిషి, అబ్బులంటే ఇష్టమున్నవాడే.

"బాబాయ్, శంకరం గారు ఓనరుకు ఫోన్ చేసి చెప్పేశారు. ఓనరు నా మీద పడ్డాడు. ఎల్లుండి కాశీలో సాయంత్రం టిఫిను దగ్గర అందరి ముందూ ఒక్కటంటే ఒక్క బజ్జీ తిను. గొడవ అయిపోద్ది."

"తినకపోతే?"

"అక్కడే దింపేయమన్నాడు. తిరుగు ప్రయాణానికి ఎవరినో ఒకరిని చూసుకోమన్నాడు. ఒక్క బజ్జీయే కదా బాబాయ్! నీకేం పోయింది?"

అబ్బులు నూనె వడకడుతూ, "చూద్దాంలే" అన్నాడు.

నాకు ఆ మాట అర్థం కాలేదు. నూనె మంచిదే. రోజూ అందులో మునిగేది నేను, నాకంటే ఎవరికి తెలుసు? పిండి మంచిదే. మరి ఉద్యోగం పోతుందంటే కూడా ఒక్క బజ్జీ తినని మనిషి ఏం దాస్తున్నాడు? మర్నాడు తెల్లవారుతూనే ఇంకో వింత చూశాను. అందరూ లేవకముందే పెనం పెట్టి ఒకే ఒక్క పెసరట్టు పోసుకున్నాడు. పచ్చిమిర్చి వేయలేదు, ఉల్లిపాయ వేయలేదు, ఉప్పు ఒక్కటే. బస్సు వెనక రాయి మీద కూర్చుని, చిన్న చిన్న ముక్కలు తుంచుకుని, ఎంతో సేపు తిన్నాడు. చివరి ముక్క చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. దొంగతనంగా తినేవాళ్ళు గబగబా తింటారు. ఇతనెందుకు ఇంత నెమ్మదిగా తింటున్నాడో నాకు తెలియలేదు.

కాశీలో తెలుగువాళ్ళ సత్రంలో దిగాం. సత్రం పెద్దాయన పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యాత్రలవాళ్ళు బకెట్లు పట్టుకుపోతారని ఆయన అనుమానం. ఆయన కళ్ళు మా సామాను మీదే ఉన్నాయి.

పొద్దున్నే అంతా గంగ స్నానానికి వెళ్ళారు. అబ్బులూ వెళ్ళాడు. మేం గిన్నెలం పెరట్లో ఉండిపోయాం. కాశీలో ఒక ఆచారం ఉంది. గంగలో మునిగినవాళ్ళు తమకు ఇష్టమైన కాయో కూరో పండో ఒకటి అక్కడ వదిలేయాలి. ఇక ఈ జన్మలో అది తినకూడదు. తిరిగొచ్చిన ఆడవాళ్ళు తడి జుట్టు ఆరబోసుకుంటూ అదే చెప్పుకుంటున్నారు.

"నేను కాకరకాయ వదిలేశాను."

"అదెలాగూ మీరు ముట్టుకోరు కదా వదినా!"

"అందుకే! గంగమ్మ ముందు పెట్టిన ఒట్టు తప్పకూడదు కదా."

"నేను కివీ పండు."

"అదేం పండండీ?"

"నాకూ తెలీదు. మా మనవడు చెప్పాడు."

భీమశంకరం గారు పై పంచె దులుపుకుంటూ, "నేను సొరకాయ. చిన్నప్పటి నుంచీ ఆ వాసన పడదు" అన్నాడు. అందరూ నవ్వారు. అబ్బులు తల వంచుకుని మిరపకాయలకు గాట్లు పెడుతున్నాడు. అతనొక్కడే నవ్వలేదు.

నాలుగింటికి పొయ్యి వెలిగింది. మిరపకాయ, బంగాళాదుంప, అరటికాయ బజ్జీలు, మినప గారెలు. నలభై మంది గోడల వెంట నిలబడ్డారు. ఒక్కరూ ప్లేటు పట్టుకోలేదు. మొదటి వాయి తీసి పళ్ళెంలో వేశాను. భీమశంకరం గారు ఆ పళ్ళెం ఎత్తి అబ్బులు ముందు పెట్టాడు.

"తిను."

అబ్బులు చెయ్యి కదల్లేదు.

"మిరపకాయ కారమైతే బంగాళాదుంప తిను."

"తినలేనండీ."

"అరటికాయ?"

"అదీ తినలేనండీ."

"పోనీ గారె తినవయ్యా!"

"క్షమించండి. ఏదీ తినలేను."

"విన్నారా!" భీమశంకరం గారు అందరి వైపూ తిరిగాడు. జేబులోంచి పుస్తకం బయటికి వచ్చింది. "నేను పూరీలోనే చెప్పాను. తన చేతి వంట తనే తినలేనంటున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"బాబాయ్, నీకు దండం పెడతాను, ఒక్క ముక్క," అని చిట్టిబాబు బతిమాలాడు. అబ్బులు నన్ను మూకుడు అంచుకు ఆనించి, తుండుగుడ్డ తీసి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వెళ్ళిపోవడానికి సిద్ధమవుతున్న మనిషి తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు.

"ఆగు," అంది బాపనమ్మ గారు. ఆమె అతని తల వంకే చూస్తోంది. "నీ జుట్టులో గంగ ఇసుక ఇంకా అలాగే ఉంది. నువ్వూ మాతోపాటు గంగలో మునిగావు కదూ?"

"ఆయ్, మునిగానండీ."

"ఏం వదిలావు?"

"పెసలండీ," అన్నాడు అబ్బులు మెల్లగా. "నిన్న పొద్దున్న ఆఖరి అట్టు తినేశాను."

"పోయిన యాత్రలో?"

"కందండీ."

"అంతకు ముందు?"

"మినుములు. దానికి ముందు శనగలు. చింతకాయ. మిరపకాయ. అరటికాయ. కందిపప్పు. బంగాళాదుంప. అన్నిటికంటే ముందు, మొదటి యాత్రలో, వంకాయండీ. గుత్తొంకాయంటే నాకు ప్రాణం." పది యాత్రలు, పది ఇష్టాలు. లెక్కపెడుతున్న అతని వేళ్ళన్నీ ముడుచుకుపోయాయి. "ఇష్టమైనదే వదలమన్నారు కదండీ గంగ ఒడ్డున పంతులుగారు. వదిలేవాణ్ణి. వదిలాక, మిగిలినవాటిలో ఇంకోటి ఇష్టమయ్యేది. మళ్ళీసారి అది వదిలేవాణ్ణి."

"మరి ఏం తింటున్నావురా నువ్వు?"

అబ్బులు బస్సు వైపు చూశాడు. చిట్టిబాబు వెళ్ళి బస్సు వెనకనుంచి ఆ మూత గిన్నె తెచ్చి తెరిచాడు. మజ్జిగ కలిపిన అన్నం. అంతే. మూడు యాత్రలుగా నేను అనుమానించిన విందు అదే.

"పిచ్చి నాయనా," అంది బాపనమ్మ గారు, "ఒక్కసారి వదిలితే చాలు కదా! ప్రతిసారీ ఎవరు వదలమన్నారు నిన్ను?"

"ప్రతిసారీ కొత్త మనుషులు కదండీ."

"అయితే?"

"తప్పుగా అనుకోకండి మామ్మగారూ." అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "బస్సునిండా జనం వస్తారు. అందరూ కాకరకాయే వదులుతారు. ఇన్ని బస్సులు, ఇంత కాకరకాయ. గంగమ్మకు అనుమానం రాదాండీ? నా చేతి వంట తిని ఇంతదూరం వచ్చినవాళ్ళు. బస్సుకు ఒక్కడైనా నిజంగా ఇష్టమైంది వదిలితే అందరి యాత్రా ఫలిస్తుందని."

కివీ పండు వదిలినావిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూకుట్లో రెండో వాయి కోసం నూనె పొగలు కక్కుతోంది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?" భీమశంకరం గారి గొంతు తగ్గింది.

"చెప్తే ఉప్పు చూడలేని వంటవాణ్ణి ఎవరు పెట్టుకుంటారండీ?"

ఆ మాటకు చిట్టిబాబు తల దించుకున్నాడు. "నిజమే బాబాయ్. తినలేదని చెప్తే ఓనరు తీసేస్తాడు. తినలేడని చెప్తే ఇంకా ముందు తీసేస్తాడు. నేనేం చెయ్యను?"

భీమశంకరం గారు పళ్ళెంలోంచి ఒక మిరపకాయ బజ్జీ తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురుకు పట్టాడు. కొరికాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరపకాయ కారం వల్లే అయ్యుండొచ్చు.

"ఉప్పు సరిగ్గా ఉంది. ఎవరు చూస్తున్నారు ఇన్నాళ్ళూ?"

"నేను," అంది బాపనమ్మ గారు. "తక్కువైందని ఒక్కపూటైనా అన్నారా మీరు?"

"అనలేదు." ఆయన పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఉండచుట్టి పొయ్యి వెనకకు విసిరాడు. "ముప్పై ఏళ్ళు చూశానండీ. వేలు నాకి చూడని వంటవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. చూశాక గుర్తుపట్టలేకపోయాను."

అప్పుడు కుర్చీ కిర్రుమంది. సత్రం పెద్దాయన లేచి వచ్చి అబ్బులు ముందు నిలబడి, అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"మా సత్రంలో వండింది ముందు అన్నపూర్ణమ్మకు నైవేద్యం పెడతాం. అప్పటిదాకా ఎవరూ ఉప్పు చూడకూడదు. ఏడాదిలో ముగ్గురు వంటవాళ్ళను మార్చాను. చూడొద్దంటే చూస్తారు. మూతి తుడుచుకుని లేదంటారు. మీసానికి పులిహోర మెతుకు అంటుకునే ఉంటుంది." అబ్బులు మూతి వంక చూశాడు. "నిన్ను చూడమని నలభై మంది ముందు బతిమాలినా చూడలేదు. ఇందాకటి నుంచీ నేనూ కనిపెడుతూనే ఉన్నాను. ఉంటావా ఇక్కడ?"

అబ్బులు చిట్టిబాబు వైపు చూశాడు, బాపనమ్మ గారి వైపు చూశాడు. "వీళ్ళను ఇళ్ళకు చేర్చి వస్తానండీ. దారి మధ్యలో వంట వదిలేసి ఎలా ఉంటాను?" అన్నాడు. తర్వాత నన్ను మూకుట్లో ముంచాడు. ఆ సాయంత్రం మూడు వాయిలు సరిపోలేదు. తొమ్మిది వేశాం.

తిరుగు ప్రయాణంలో ఉప్పు చూడటానికి పోటీ. ముందు సీట్లవాళ్ళు పొద్దున, వెనక సీట్లవాళ్ళు సాయంత్రం అని భీమశంకరం గారే వంతులు పెట్టాడు. అందరూ చూడటం మొదలుపెట్టాక ఉప్పు ఒక్కపూటా సరిగ్గా కుదరలేదు. ఒకరు చాలదన్నారు, ఒకరు ఎక్కువన్నారు. ఆఖరికి బాపనమ్మ గారే మళ్ళీ పీట వేసుకుంది.

బస్సును ఊళ్ళకు చేర్చి, అబ్బులు ఒక సంచీలో రెండు జతల బట్టలు, పైన నన్ను పెట్టుకుని రైలెక్కాడు. ఓనరుకు చిట్టిబాబు ఏం చెప్పాడో నాకు తెలీదు. నేను వినేలోపే సంచీ మూతి కట్టేశారు.

ఇప్పుడు సత్రం వంటింట్లో, పొయ్యికి ఎడమపక్క మేకుకు వేలాడుతున్నాను. నా అంచులు అరిగిపోయాయి, కాడ దగ్గర రివిటు వదులైంది. అయినా అబ్బులు కొత్త గరిటె కొననివ్వడు. శుక్రవారం శుక్రవారం అమ్మవారికి మిరియాల గారెలు. దేశంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తెలుగువాళ్ళు నైవేద్యం అయ్యాక పంక్తుల్లో కూర్చుని, ఇంట్లో తిన్నట్టే ఉందంటారు. అబ్బులు అందరికీ వడ్డించాక గిన్నె పట్టుకుని పక్కకు వెళ్తాడు. ఇప్పుడు ఆ గిన్నెకు మూత పెట్టడు.

సత్రం పెద్దాయన మాత్రం ఇంకా పూర్తిగా నమ్మలేదు. గారెలు వేగినంతసేపూ గడపలో కుర్చీ వేసుకుని అబ్బులు నోటివంకే చూస్తాడు. ఒక్కోసారి దగ్గరకు వచ్చి మూతి వాసన చూస్తాడు. అబ్బులు నవ్వి, పెద్దవి కావాలా చిన్నవి కావాలా అని అడుగుతాడు.

నా వైపు ఆయన ఒక్కసారీ చూడలేదు.

మొదటి గారె నూనెలో పడగానే దాని కిందకు వెళ్ళేది నేను. పైకి తీసినప్పుడు దాని వేడి, దాని నూనె, దాని ఉప్పు, మిరియం ఘాటు, అన్నీ నా చిల్లుల్లోంచే కిందికి దిగుతాయి. అమ్మవారి ఆకులోకి వెళ్ళకముందు అది నా ఒళ్ళో ఉంటుంది. ఈ ఇంట్లో అందరికంటే ముందు రుచి చూస్తున్నది ఎవరో ఇంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఇవాళ పిండిలో ఉప్పు ఒక రవ్వ తక్కువైంది. నేను చెప్పలేదు.